వేరుసెనగ - వాణిజ్య విధానం - మన కథ

1

ఇటీవల మా ప్రాంతంలో జరిగిన ఒక కథల పోటీకి వచ్చిన కథల్ని చదివి మంచిచెడ్డలు చెప్పే పని నా మీద పడింది. వాటిలో ఏడు కథలు వేరుసెనగ రైతు గురించినవి. ఏడింటిలోనూ వాన రాదు. ఏడింటిలోనూ అప్పు తీరదు. నాలుగింటిలో రైతు చనిపోతాడు. ఆ కథలు రాసిన యువకుల్ని తప్పు పట్టడానికి నేనిది రాయడం లేదు. వాళ్ళు చూసిందే రాశారు, నిజాయితీగానే రాశారు. కాని ఏడు కథలూ చదవడం పూర్తయ్యాక నాకొక ప్రశ్న మిగిలింది. ఆకాశాన్ని ఇంత శ్రద్ధగా చూసిన మన రచయిత ఓడరేవు వైపు ఒక్కసారైనా ఎందుకు చూడలేదు?

ఈ ప్రశ్న నా స్వంతం కాదు. ఇంకో రూపంలో దీన్ని మా నాయన ఏనాడో అడిగాడు.

1999లో నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ ఏడు మా అనంతపురం జిల్లాలో సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొగం చాటేసింది. కట్టె పీకితే చెట్టుకు నాలుగైదు కాయలు. వాటిలో సగం లొట్టలు. ఎనిమిదెకరాల పంటను నాయన ఒక్క బండిలో మార్కెట్టుకు తోలుకుపోయాడు. సెలవు కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. పంట తక్కువైన ఏడు ధరైనా కలిసొస్తుందని ఆయన నమ్మకం. అది వట్టి ఆశ కాదు. ముప్పై ఏళ్ళ సేద్యంలో ఆయన కళ్ళారా చూసిన లెక్క. తీరా అక్కడ మండీ మనిషి చెప్పిన ధర ముందటేటి కంటె తక్కువ. నాయన గొంతు పెంచలేదు.

"కాయే లేదు గదప్పా, రేటు యాల తగ్గింది?" అని మాత్రం అడిగాడు.

"ఓడల్లో నూనె దిగుతాందంట పెద్దాయనా. బొంబాయిలో రేటు పడిపాయ. నా చేతిలో ఏముంది?" అన్నాడతను.

అతను అబద్ధం చెబుతున్నాడని నాయన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. తూకంలో మోసం చేసేవాడు ధరలో నిజం చెబుతాడా? చాలా ఏళ్ళ తరవాత, ఎం.ఏ. ముగించి ఉద్యోగంలో చేరాక, వంటనూనెల దిగుమతి లెక్కలు నా కంట పడినప్పుడు తెలిసింది, ఆ రోజు అతను చెప్పింది నిజమేనని. తూకంలో అతను మోసం చేసి ఉండవచ్చు. ధర మాత్రం అతని చేతిలోనిది కాదు. అది ఎవరి చేతిలోది అన్న ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం.

2

వేరుసెనగ మన నేలలో పుట్టింది కాదు. దక్షిణ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు నావికుల కాలంలో లోకం చుట్టి మన దేశం చేరింది. చాలాకాలం అది పెరటి పంటగానే ఉండిపోయింది. పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో, ముఖ్యంగా దక్షిణ ఆర్కాటు జిల్లాలో, హఠాత్తుగా విస్తరించింది. ఆ విస్తరణకు కారణం మన వంటిల్లు కాదు. ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో సబ్బుకూ నూనెకూ గింజలు కావలసి వచ్చాయి. పాండిచ్చేరి ఫ్రెంచివారి చేతిలో ఉంది. గింజ అక్కడ ఓడెక్కి మార్సెయ్‌లో దిగింది. అంటే మన రైతు ఈ పంటను బీడు దున్ని పెద్ద ఎత్తున వేసిన తొలినాటి నుంచీ దాని ధర మన ఊళ్ళలో పుట్టలేదు.

1800లో నిజాం నవాబు ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన మా జిల్లాలకు ఈ పంట కొంత ఆలస్యంగా వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, రైలు మార్గాల పొడవునా, కొర్ర చేలలోకీ జొన్న చేలలోకీ ప్రవేశించింది. ఎర్రనేలకు అది సరిపోయింది. రైత్వారీ శిస్తు నగదుగా కట్టాలి. కొర్రలు తింటే కడుపు నిండుతుంది, శిస్తు తీరదు. బుడ్డలు అమ్మితే శిస్తు తీరుతుంది. ఆదోని, గుంతకల్లు వంటి చోట్ల మండీలూ కాయలు ఒలిచే మిషన్లూ వెలిశాయి. తిండి పంట నుండి నగదు పంటకు ఈ మార్పు రైతు అత్యాశ వల్ల జరిగిందని కొందరు పెద్దలు ఇప్పటికీ అంటుంటారు. శిస్తు రశీదును చూడనివాళ్ళు మాత్రమే ఆ మాట అనగలరు.

1929లో ఆర్థిక మాంద్యం మొదలైంది. మార్సెయ్‌లో కొనేవాడు చెయ్యి ముడిస్తే మన మండీలో ధర కుప్పకూలింది. శిస్తు మాత్రం కూలలేదు. ఆ దశాబ్దంలో ప్రభుత్వం చేసిన రెండు చట్టాలను మనం గుర్తు పెట్టుకోవాలి. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. పత్తి, పొగాకు, వేరుసెనగల అమ్మకంలో దొంగ తూకాలనూ అడ్డగోలు దస్తూరీలనూ అదుపు చేయడం దాని ఉద్దేశం. 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చి వడ్డీల భారం తగ్గించింది. రెండూ మంచి చట్టాలే. కాని ఒకటి తరాజును చూసింది. రెండోది పత్రాన్ని చూసింది. ధరను ఏదీ చూడలేదు. ఎందుకంటె ధర సముద్రానికి అవతల ఉంది. ఆ సముద్రం మీది వాణిజ్యం పరాయి పాలకులది.

1940లో హిట్లరు సైన్యాలకు ఫ్రాన్సు లొంగిపోవడంతో ఆ మార్కెట్టు రాత్రికి రాత్రి మూతబడింది. ఎక్కడో జరిగిన యుద్ధం మా ఊరి కల్లంలో కాయల్ని రాశిగా మిగిల్చింది. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యం. మన సాహిత్యంలో ఆ ఒక్క వాక్యమైనా ఉందా అని నాకు సందేహం.

3

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం సముద్రం వైపు చూడడం మొదలుపెట్టింది. అయితే అది రైతు కళ్ళతో చూడలేదు. పట్నంలో నూనె ధర పెరిగితే అలజడి పుడుతుందన్న భయంతో చూసింది.

ఒకప్పుడు ప్రపంచంలో నూనెగింజలు ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో మనది ముందు వరసలో ఉండేది. జనాభా పెరిగింది, వాడకం పెరిగింది, 1937లో బజారుకొచ్చిన డాల్డా మధ్యతరగతి వంటింట్లో నెయ్యి స్థానం ఆక్రమించింది. మొదట్లో ఆ వనస్పతిలో ఎక్కువ భాగం వేరుసెనగ నూనే. దాంతో ఎగుమతుల మీద ఆంక్షలు వచ్చాయి. అంటే బయట ధర బాగున్నప్పుడు రైతుకు ఆ ధర అందకుండా గేటు వేశారు. తరవాత దిగుమతులు మొదలయ్యాయి. పి.ఎల్. 480 కింద అమెరికా నుండి గోధుమలతో పాటు సోయా నూనె కూడా వచ్చింది. 1970ల చివరికి వంటనూనెల దిగుమతి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతికి చేరింది. 1980ల్లో ఏటా 10 లక్షల టన్నులకు పైగా, ఒక దశలో 18 లక్షల టన్నుల దాకా, నూనె దిగుమతి అయింది. అందులో కొంత చౌకగా వనస్పతి మిల్లులకు, కొంత చౌక ధరల దుకాణాలకు వెళ్ళేది.

ఇక్కడ నేనొక ఇంటి సంగతి చెప్పాలి. మేము బుడ్డలు పండించేవాళ్ళం. మా అమ్మ వంట చేసింది మాత్రం స్టోరు పామాయిలుతో. గానుగ నూనె డబ్బా పండక్కి, చుట్టాలకు. చలికాలంలో పామాయిలు గడ్డకడితే పొయ్యి పక్కన పెట్టి కరిగించేది. ఆ నూనె రాని నెల మా అమ్మ స్టోరు డీలరును తిట్టేది. అది వచ్చినందువల్ల మా కాయ ధర తగ్గుతుందన్న సంగతి ఆమెకు తెలియదు. తెలిసినా తిట్టేదేమో. కాయలు ఏడాదికోసారి అమ్ముతాం. నూనె రోజూ కావాలి. ఒకే ఇంట్లో నాయన ప్రయోజనం ఒకటి, అమ్మ అవసరం ఒకటి. ఈ వైరుధ్యాన్ని మరిచిపోయి దిగుమతుల గురించి మాట్లాడేవారిది సగం మాటే.

ఇదే కాలంలో మా జిల్లా మొత్తం ఒకే పంటకు తాకట్టు పడింది. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉన్న నేల మీద 1990ల నాటికి వేరుసెనగ 7 లక్షల హెక్టార్లు దాటింది. దీని వెనక కూడా ప్రభుత్వ హస్తం ఉంది. బ్యాంకు పంట రుణం ఈ పంటకు సులభంగా దొరికింది. 1985లో వచ్చిన సమగ్ర పంటల బీమా ఆ రుణంతో ముడిపడింది. రాయితీ విత్తనం ఈ పంటదే. 1983 నుండి రెండు రూపాయల కిలో బియ్యం ఇంటికి రావడంతో కొర్రన్నానికీ సంగటికీ పని తగ్గింది. పేదవాడి కంచంలోకి వరి అన్నం రావడం చిన్న విషయం కాదు. దాన్ని నేను తక్కువ చేయను. కాని కొర్ర, సజ్జ, కంది, అనుము కలిసి ఉన్న చేను స్థానంలో ఒకే గింజ మిగిలింది. రైతు బతుకు ఒకే ధర మీద వేలాడసాగింది. ఆ ధరను ఢిల్లీలో ఒక సంతకం మార్చగలదు.

4

అయితే ప్రభుత్వ జోక్యం ఎప్పుడూ రైతుకు హాని చేసిందనడం చరిత్రకు అన్యాయం. 1986 మే నెలలో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ ప్రారంభించింది. విత్తనం, పరిశోధన, మద్దతు ధర, గింజల సేకరణ, నూనె తీయడం - వీటన్నిటినీ ఒక చోట చేర్చాలన్నది దాని ఆలోచన. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి బోర్డు అప్పటికే నూనెగింజల రైతుల సహకార సంఘాలను నిర్మిస్తూ ఉంది. మన రాష్ట్రంలో ఆయిల్‌ఫెడ్, దాని 'విజయ' నూనె ఆ క్రమంలోవే. 1989 నుండి ఆ బోర్డుకు మార్కెట్టులో జోక్యం చేసుకునే అధికారం ఇచ్చారు. నూనె ధరకు ఒక కింది గీత, ఒక పై గీత గీశారు. ధర కింది గీతకు పడితే బోర్డు కొని నిలవ చేయాలి. పై గీత దాటితే నిలవలోంచి అమ్మాలి. దిగుమతి కూడా ఈ రెండు గీతల మధ్యే జరగాలి. మా నాయననూ మా అమ్మనూ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకున్న విధానం నాకు తెలిసి ఇదొక్కటే.

ఫలితం కనిపించింది. 1985-86లో దేశంలో నూనెగింజల ఉత్పత్తి సుమారు 108 లక్షల టన్నులు. 1993-94లో 215 లక్షల టన్నులు. ఎనిమిదేళ్ళలో రెట్టింపు. దిగుమతులు ఏటా లక్ష టన్నుల చుట్టూకు పడిపోయాయి. దేశం తన నూనె తానే దాదాపు పూర్తిగా పండించుకుంది. దీనికి పసుపు విప్లవం అని పేరు పెట్టారు. ఆ గీతల మీద ఆర్థికవేత్తలకు విమర్శలున్నాయి. నీరు, నేల చాలని చోట ఈ పంటను ప్రోత్సహించారన్న మాటలో నిజం ఉంది. కాని ఒక పేద దేశం తలచుకుంటే ఏమి చేయగలదో ఆ ఎనిమిదేళ్ళు చూపించాయి.

ఆ తరవాతి కథ వేగంగా నడిచింది. 1994లో పామోలిన్ దిగుమతిని ఓపెన్ జనరల్ లైసెన్సు కింద పెట్టారు. సుంకం 65 శాతం. ఎవరైనా తెచ్చుకోవచ్చు. అదే ఏడు బోర్డు మార్కెట్టు జోక్యం ముగిసింది. 1995లో మిగతా నూనెలు కూడా చేరాయి, సుంకం 30 శాతం అయింది. 1996లో 20. 1998లో 15. నాలుగేళ్ళలో 65 నుండి 15కు.

ఇక్కడ మన శిబిరం చేసిన ఒక పొరపాటును మనమే ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో డంకెల్ ప్రతిపాదనల మీద, గాట్ మీద మనం ఎన్నో కవితలు రాశాం, సభలు పెట్టాం. తప్పులేదు. విత్తనం మీద హక్కుల గురించీ, సంపన్న దేశాలు తమ రైతులకిచ్చే సబ్సిడీల గురించీ మనం చెప్పింది నిజమే. కాని నూనె విషయంలో జరిగింది వేరు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు పామాయిలు మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కును భారత ప్రభుత్వం అట్టిపెట్టుకుంది. సోయా నూనె మీద మాత్రం 45 శాతానికి కట్టుబడింది. అంటే పామాయిలు మీద సుంకాన్ని 15కు దించమని ఆ ఒప్పందంలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. 300 దాకా వెళ్ళగలిగిన చెయ్యి తనంతట తానే 15 దగ్గర ఆగింది. శత్రువు జెనీవాలో ఉన్నాడని మనం అటు చూస్తూ కూర్చుంటే ఢిల్లీలో సంతకం పడింది. విదేశీ ఒత్తిడి లేదని నేననడం లేదు. ప్రతి నిర్ణయాన్నీ విదేశీ ఒత్తిడిగా చూపితే స్వదేశీ పాలకులకు శ్రమ తప్పుతుందంటున్నాను.

ఇప్పుడు 1999కి వద్దాం. 1998-99లో దేశంలో వేరుసెనగ పంట 90 లక్షల టన్నులకు దగ్గరగా వచ్చింది. మరుసటి ఏడు కరువు. పంట 53 లక్షల టన్నులకు పడిపోయింది. పాత లెక్క ప్రకారం ధర ఎగబాకాలి. కాని 1999-2000లో దేశం దిగుమతి చేసుకున్న వంటనూనె 40 లక్షల టన్నులు దాటింది. ప్రపంచ మార్కెట్టులో ఆ ఏడు నూనె చవక. సుంకం తక్కువ. మన పంట పోయింది, మన ధరా పోయింది.

"కాయే లేదు గదప్పా, రేటు యాల తగ్గింది?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ సంగతిని రచయితలు కొంచెం నిదానంగా ఆలోచించాలని కోరుతున్నాను. వెనకటి రైతుకు వానా ధరా రెండు వేరు వేరు పళ్ళేలు. వాన పోతే పంట తగ్గేది, ధర పెరిగేది. వాన బాగుంటే పంట పెరిగేది, ధర తగ్గేది. నష్టం ఎప్పుడూ ఉండేదే. కాని ఒక పళ్ళెం కిందికి పోతే రెండోది కొంచెమైనా పైకి లేచేది. తలుపు తీసిపెట్టిన తరవాత రెండు పళ్ళేలూ ఒకేసారి కిందికి పోవడం సాధ్యమైంది. కరువు పాతదే. కరువులో ధర పడడం కొత్తది. 1990ల తరవాతి రైతు మరణాలను పాత కరువు కథల మూసలో పోసి రాస్తే మనం ఈ కొత్తదనాన్ని జారవిడుచుకుంటాం. 2004లో మన రాష్ట్ర ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన నియమించిన రైతు సంక్షేమ కమిషన్ కూడా వ్యవసాయ సంక్షోభాన్ని వానతో ఆపకుండా ప్రభుత్వ విధానాల దాకా తీసుకువెళ్ళింది.

5

తరవాతి పాతికేళ్ళ సుంకాల చరిత్ర ఉయ్యాల చరిత్ర. 2001లో ముడి పామాయిలు మీద సుంకం 75 శాతానికి పెంచారు. సోయా మీద 45 దాటలేరు కాబట్టి నూనె ఆ సందులోంచి కూడా వచ్చింది. 2008లో ప్రపంచ ధరలు ఆకాశానికంటినప్పుడు ముడి నూనె మీద సుంకం పూర్తిగా ఎత్తేశారు. వంటనూనెల ఎగుమతినీ నిషేధించారు. ధర పెరిగినప్పుడు పేదవాణ్ణి కాపాడడం ప్రభుత్వ ధర్మమే. కాని అదే ఏడు రెండో సగంలో ప్రపంచ ధర కూలిపోయింది. ముడి పామాయిలు మీద సుంకం మాత్రం 2013 దాకా సున్నా దగ్గరే ఉంది. సుంకం దించడానికి పట్టినది కొన్ని రోజులు. తిరిగి ఎత్తడానికి పట్టినది అయిదేళ్ళు. ఈ ఒక్క తేడాలో ప్రభుత్వం ఎవరి మొర త్వరగా వింటుందో తెలిసిపోతుంది.

2018లో మళ్ళీ 44 శాతం. 2021లో మళ్ళీ దాదాపు పూర్తిగా దించారు. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకం సున్నా నుండి 20కి పెంచారు. తొమ్మిది నెలలైనా గడవకముందే, 2025 మే చివర, రైతు గొర్రు సవరించుకునే వేళకు, దాన్ని 10కి దించారు. 2024-25 సీజనుకు వేరుసెనగ మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు అని ప్రకటించారు. మద్దతు ధరను ఒక చేత్తో ప్రకటించి, దాన్ని పడగొట్టగల నూనెను ఇంకో చేత్తో ఆహ్వానించడం ఈ విధానంలోని వైచిత్రి. సేకరణ కేంద్రం తెరవకపోతే మద్దతు ధర కాగితం మీది అంకె. సుంకం మాత్రం కాగితం మీది అంకె కాదు; ప్రకటించిన నాడే అమల్లోకి వస్తుంది.

ఇప్పుడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుండే వస్తున్నది. ఏటా 160 లక్షల టన్నుల చుట్టూ. ఇండోనేషియా, మలేషియాల పామాయిలు, అర్జెంటీనా, బ్రెజిల్‌ల సోయా, నల్లసముద్రం దేశాల పొద్దుతిరుగుడు. మిల్లుల చిరునామా కూడా మారింది. మా వైపు కాయలు ఒలిచే మిషన్లు, నూనె మిల్లులు అనేకం మూతబడి గోడౌన్లయ్యాయి. అదే తెలుగు నేల మీద కాకినాడ, కృష్ణపట్నం రేవుల పక్కన ముడి నూనెను శుద్ధి చేసే పెద్ద కర్మాగారాలు లేచాయి. పల్లెలో గింజ చుట్టూ ఉన్న పనులు - ఒలవడం, చెరగడం, ఆడించడం, చెక్కను పశువులకు పెట్టడం - రేవు దగ్గర గొట్టాల్లోకి మారిపోయాయి. రైతు ధర గురించి ఎవరో ఒకరు మాట్లాడుతున్నారు. విత్తనాల కోసం వేళ్ళు తడిపి కాయలు ఒలిచి కొలతకింత చొప్పున కూలి తెచ్చుకున్న ఆడవాళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. వాళ్ళ పని పోయిన సంగతి ఏ గణాంకంలోనూ వార్త కాలేదు.

అన్ని నేరాలూ పామాయిలు మీద మోపే ఉద్దేశం నాకు లేదు. ఒకే పంటను ఏళ్ళ తరబడి వేయడం, ఎకరా దిగుబడి పెరగకపోవడం, 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 విత్తనాన్నే తరాల తరబడి పట్టుకు వేలాడవలసి రావడం, వాన - ఇవన్నీ ఉన్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇటీవల ఆ పంట విస్తీర్ణమే బాగా తగ్గిపోయింది. కాని వీటన్నిటినీ మనం రాశాం, చదివాం. రాయనిది సుంకం.

6

ఇది ఎందుకు రాయలేదు? వాన కనిపిస్తుంది. మండీ మనిషి కనిపిస్తాడు. వడ్డీ వ్యాపారి గుమ్మం దగ్గర నిలబడతాడు. సుంకం ఒక గెజిట్ ప్రకటన. దానికి మొగం లేదు, మాట లేదు, యాస లేదు. కథకు పాత్రలు కావాలి గనుక మనం కనిపించినవాణ్ణి ప్రతినాయకుణ్ణి చేశాం. మండీ మనిషిని దుర్మార్గుడుగా చిత్రించిన ప్రతి కథా కొంత నిజమే చెప్పింది. కాని అతని వెనక ఉన్న పెద్ద చేతిని దాచిపెట్టింది కూడా.

ఈ పని సాధ్యం కాదనలేము. ప్రేమ్‌చంద్ 1936లో ప్రచురించిన 'గోదాన్'లో చెరకు రైతు కథలోనే చక్కెర మిల్లు యజమాని కూడా ఉన్నాడు. చెరకు తోలిన చోటే అప్పులవాళ్ళు కాచుకుని డబ్బు పట్టుకుపోతారు. అమెరికాలో ఫ్రాంక్ నోరిస్ 1901లో రాసిన 'ది ఆక్టోపస్' నవలలో డైక్ అనే మనిషి హాప్స్ పంట వేస్తాడు. పంట బాగా పండుతుంది. రైలు కంపెనీ రవాణా రేటు ఒక్కసారిగా పెంచడంతో అతని బతుకు కూలిపోతుంది. ఒక రేట్ల పట్టికలోని అంకె మారడం ఆ నవలలో హత్య అంత బలమైన ఘటన. మన దగ్గర సింగమనేని నారాయణగారు మా జిల్లా మెట్ట సేద్యాన్ని 'జూదం' అన్న పేరుతో కథగా మలిచారు. ఆయనా నాలాగే బడిలో తెలుగు చెప్పినవారు. ఆ పేరులోనే ఒక దారి ఉంది. జూదమైతే పాచికలెవరివి, ఆట నియమాలు ఎవరు మారుస్తున్నారు అని అడగడమే తరవాతి తరం చేయవలసిన పని. ఆయన వేసిన ప్రశ్నను మనం ముందుకు తీసుకుపోలేదు. దాన్నే మళ్ళీ మళ్ళీ రాసుకున్నాం.

ఇంకొక సంగతి. ఈ చరిత్రకు అవతలి ఒడ్డున కూడా తెలుగువాళ్ళున్నారు. బ్రిటిషు కాలంలో విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి కూలీలుగా మలయా వెళ్ళినవారు రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో, పామాయిలు తోటల్లో చెమటోడ్చారు. మలయాలో తొలి వాణిజ్య పామాయిలు తోట 1917లో సెలంగోర్‌లో మొదలైంది. మా ఊరి స్టోరులో అమ్మ క్యూలో నిలబడి తెచ్చుకున్న నూనె వెనక ఆ తోటల చరిత్ర ఉంది. ఇవతల గోదావరి జిల్లాలో పామాయిలు వేసిన రైతులున్నారు; సుంకం దించితే వాళ్ళ గెలల ధరా పడుతుంది. కనుక ఇది వేరుసెనగకూ పామాయిలుకూ మధ్య తగాదా కాదు. ఈ చెట్టు మంచిదా ఆ చెట్టు మంచిదా అన్న చర్చ వ్యర్థం. నాలుగు చోట్లా పని చేసే చెయ్యి ఒక వైపు, అంకె మార్చే చెయ్యి ఒక వైపు ఉన్నాయి.

కథల్లో దిగుమతి గణాంకాలు దట్టించమని నేను చెప్పడం లేదు. అంకెలతో నిండిన కథ కంటె వానతో నిండిన కథే నయం. నేను కోరేది ఒక్కటే. రైతు కథ రాసే ముందు రచయిత ఆ ఏటి వర్షపాతంతో పాటు ఆ ఏటి సుంకం కూడా తెలుసుకోవాలి. అది కథలో కనిపించనక్కర లేదు. అది తెలిసిన రచయిత మండీ దృశ్యాన్ని వేరుగా రాస్తాడు. స్టోరు ముందు అమ్మను వేరుగా చూస్తాడు. రైతు చావును విధి అనలేడు.

మా నాయన ఇప్పుడు లేడు. ఎనిమిదెకరాల్లో అయిదెకరాలు అమ్ముడుపోయింది. మిగిలినదాంట్లో తమ్ముడు కంది వేస్తున్నాడు. మండీ మనిషి చెప్పింది నిజమేనని నాకు తెలిసిన తరవాత కూడా ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఏమనేవాడో ఊహించగలను. "ఆ ఓడల్ని రానిచ్చినోడు ఎవురు మల్ల?" అని అడిగేవాడు. ఆ పోటీ కథల్లో ఏ రైతూ ఈ ప్రశ్న అడగలేదు. రైతుకు తోచక కాదు. అతని చేత అడిగించాలని రాసినవారికి తోచక.